మార్కండేయులు గారి రేపు

పంచమి, పాటు వేళ

ఇవాళ ఆ మనిషి దగ్గర పనిలో చేరాను.

వేళకాపరి ఉద్యోగంలో ఉన్నవాళ్ళు రోజూ ఆఫీసు లాగ్ రాయాలి. ఏ పని మొదలైంది, ఏది ముగిసింది, ఏది ఆగిపోయింది, అంతే. ఇది ఆ లాగ్ కాదు. ఇది నాది, పోటుకి నీళ్ళు ఎక్కినప్పుడో పాటుకి తీసినప్పుడో రాసుకునేది. నా కోపం ఉందో లేదో రోజూ ఒకసారి తడిమి చూసుకోవడానికి రాసుకుంటున్నాను.

నీలరేవు ముఖ్యాధికారి మార్కండేయులు గారి గది మొదటి తెప్ప మీద, అన్నిటికంటే ఎత్తున ఉంటుంది. కిటికీలోంచి చూస్తే మా ఊరంతా కనబడుతుంది. సముద్రం మీద తేలుతున్న పెద్ద పెద్ద తెప్పలు, తెప్పకీ తెప్పకీ మధ్య ఇనుప కీలు, ఆ కీలులో మనిషి తొడంత లావు శీల. ఆరో తెప్ప దాకా ఇళ్ళు, వంట పొగలు, ఆరేసిన బట్టలు. ఏడోది ఉండాల్సిన చోట నీళ్ళు.

ఆయన బల్ల ఆ కిటికీకి వీపు పెట్టి ఉంది.

"నీ పేరేంటమ్మా?" అని అడిగాడు.

"నాంచారమ్మండి. కొక్కిలిగడ్డ నాంచారమ్మ."

ఇంటిపేరు కావాలనే గట్టిగా చెప్పాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. ఏడో తెప్ప మీద పోయినవాళ్ళ పేర్లు ఒక్కసారి చదివి ఉంటే ఆ ఇంటిపేరు దగ్గర ఆయన కళ్ళు ఆగి ఉండేవి. చదవలేదన్నమాట. తుఫాను వెళ్ళి ఏడాది దాటిపోయింది. చదవనే లేదు.

"చూడమ్మా నాంచారమ్మా, నా దగ్గర వేళకాపరులు నిలవరు. నువ్వు ఎన్నాళ్ళుంటావో చూద్దాం" అని నవ్వాడు. మంచి నవ్వు. అది నన్ను ఇంకా మండించింది.

నవమి, పోటు వేళ

మా అమ్మ తరం వాళ్ళ చెవి వెనక యంత్రం ఉండేది. లే, పళ్ళు తోముకో, ఇప్పుడు ఫలానావాళ్ళకి ఫోన్ చెయ్యి, ఇప్పుడు తిను అని అదే చెప్పేది. ఓట్లేసి తీయించేశాక, ఆ యంత్రంతో పెరిగినవాళ్ళలో సగం మందికి పని మొదలుపెట్టడమే చేతకాలేదు. పని చేతకాక కాదు. మొదలుపెట్టడం చేతకాక. అందుకే, పక్కనుండి పని మొదలుపెట్టించే మా వేళకాపరి ఉద్యోగం పుట్టింది.

మార్కండేయులు గారి చెవి వెనక కూడా ఆ మచ్చ ఉంది. ఆయన సోమరి కాదని నాలుగు రోజుల్లో తెలిసింది. పొద్దున్నే వస్తాడు. కుర్చీలో కూర్చుంటాడు. కాగితం తీస్తాడు. టీ చెబుతాడు. ఇంకో కాగితం తీస్తాడు. వచ్చినవాళ్ళతో కబుర్లు చెబుతాడు. మంచినీటి యంత్రం పిచ్చయ్య గారు నాలుగోసారి వచ్చి అడిగితే, "మీ పని నా మనసులో ఉందండీ, రేపు చూద్దాం" అంటాడు. నిజంగానే మనసులో ఉంటుంది. అదే రోగం.

ఏడో తెప్ప శీల అరిగిందనీ, కొత్తది వెయ్యడానికి సంతకం కావాలనీ వానాకాలానికి ముందే అడిగారు. ఆయన కాదనలేదు. రేపు చూద్దామన్నాడు. తుఫాను రాత్రి శీల విరిగింది. తెల్లారేసరికి తెప్ప లేదు. దాని మీద నాచు ఆరబెట్టే షెడ్డులో పడుకున్న మా చెల్లెలు తులసి లేదు. గొలుసుల పని చేసే దావీదన్న భార్య మరియమ్మ వదిన లేదు. ఆ తెప్ప మీద ఇంకా ఎందరో.

విచారణ జరగాలి. కానీ విచారణకి తేదీ ముఖ్యాధికారే వెయ్యాలి. వెయ్యనంటే నేరం. రేపు వేస్తానంటే నేరం కాదు. ఎవరో ఒడ్డున కూర్చుని రాసిన చట్టం.

తుఫాను తర్వాత మా తెప్ప వాళ్ళందరూ అరిచారు, ఏడ్చారు, ఆయన గది ముందు కూర్చున్నారు. ఆయన ప్రతివాళ్ళకీ మంచినీళ్ళిచ్చి రేపు చూద్దామన్నాడు. నేను అరవలేదు. వేళకాపరి పరీక్షకి కట్టాను.

ఆ మనిషి రేపుని నేను ఇవాళ చెయ్యాలి. అంతే నాకు కావలసింది.

పౌర్ణమి

మొదటి పని, ఆయన బల్ల మీదున్నవన్నీ తీసేశాను.

"అయ్యో, అవన్నీ చూడాల్సినవమ్మా!" అన్నాడు.

"చూద్దురుగాని. ఇప్పుడు ఇదొక్కటే చూడండి."

పిచ్చయ్య గారి నీటి యంత్రం కాగితం ముందు పెట్టాను. ఆయన చెయ్యి వెంటనే టీ కప్పు మీదకి పోయింది. కప్పు కూడా తీసేశాను.

"మొత్తం చదవక్కర్లేదు సార్. పైన తారీకు వెయ్యండి చాలు."

"తారీకేనా?"

"తారీకే."

వేశాడు. వేశాక ఆయన కళ్ళు వాటంతటవే మొదటి వాక్యం మీదకి జారాయి. తర్వాత రెండోది. టీ చల్లారకముందే సంతకం అయిపోయింది. ఆయన ఆ సంతకాన్ని వేరేవాళ్ళది చూసినట్టు చూశాడు.

ఇలాంటివాళ్ళకి కొండంత పనిని చూపించకూడదు. ముందు గులకరాయి చూపించాలి. అన్నిటికంటే భయపెట్టే పని పొద్దున్నే, టీ కంటే ముందు. సాయంత్రం లేచేటప్పుడు రేపటి కాగితంలో సగం వాక్యం రాయించి ఆపెయ్యాలి. సగంలో ఆగిన వాక్యం మనిషిని పొద్దున్నే లాక్కొస్తుంది. వచ్చేవాళ్ళందరికీ ఒకటే వేళ, ఎండ కిటికీలోంచి బల్ల మీదకి వచ్చాకే. చెయ్యదలుచుకోని పనులకి రేపు అని చెప్పనివ్వకూడదు, కాదు అని చెప్పించాలి.

ఇవన్నీ పరీక్ష కోసం చదువుకున్నాను. ఎవరి మీదైనా ప్రేమతో చదివి ఉంటే ఇంత బాగా వచ్చేవి కావు.

తదియ, పాటు వేళ

ఈ రెండు నెలల్లో నాలుగో తెప్పకి కొత్త నీటి యంత్రం వచ్చింది. బడి పైకప్పు వేశారు. ఆసుపత్రి పడవ కదిలింది. అన్ని కీళ్ళకీ కొత్త శీలలు వస్తున్నాయి. ఆ సంతకం ఆయన చేత నేనే పెట్టించాను. ఎంతసేపు పట్టింది? ఆయన కలం మూత తీసి మళ్ళీ పెట్టేంతసేపు. దానికోసం పోయింది మా తులసి.

జనం ఆయన్ని పొగుడుతున్నారు. చేపల రేవులో ఒకావిడ "మార్కండేయులు గారు మారిపోయారే, దేవుడిలా పనులు చేస్తున్నారు" అంది. దావీదన్న పక్కనే ఉన్నాడు. చేతిలో ఉన్న చేపని గంపలోకి విసిరికొట్టి నా వెనకే వచ్చాడు.

"ఏం చేస్తున్నావే నాంచారీ? వాణ్ణి నాశనం చేస్తానని చెప్పి లోపలికెళ్ళావు. దేవుణ్ణి చేసి కూర్చోబెడుతున్నావు."

"ఓపిక పట్టు అన్నా."

"నా పెళ్ళాం నీళ్ళలో ఉంది. ఇంకా ఎంత ఓపిక? నువ్వు సరేనంటే ఓ పొద్దున ఆ మెట్ల మీద నించి తోసేస్తాను. పని అయిపోద్ది."

"తోస్తే ఏమవుతుంది? కాలుజారి పడ్డాడంటారు. పాపం మంచోడంటారు. శిలాఫలకం వేస్తారు."

దావీదన్న చేతికంటిన పొలుసులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఆయన బల్ల మీద ఏ పనీ మిగలకూడదన్నా. ఒక్కటే మిగలాలి. దాని వెనక దాక్కోడానికి ఇంకేమీ ఉండకూడదు. అందుకే చేయిస్తున్నాను."

దావీదన్న నా మొహంలోకి చూసి, "నువ్వు నాకంటే చెడ్డదానివే" అన్నాడు. అది మెచ్చుకోలే.

ఏకాదశి, పోటు వేళ

ఇవాళ మార్కండేయులు గారు ఇంటి నుంచి నాకు అరిసెలు తెచ్చాడు.

"నలభై ఏళ్ళు దాటాక సాయంత్రం అంటే ఏంటో చూస్తున్నానమ్మా. ఇదివరకు ఇంటికెళ్ళినా చెయ్యని పనులన్నీ నా పక్కనే కూర్చుని అన్నం తినేవి. ఇప్పుడు నేనూ మా ఆవిడా వీణ తీసి దుమ్ము దులిపాం. నిన్న ఓ కీర్తన సగం వాయించాను."

 అరిసె నోట్లో పెట్టుకున్నాను. ఉమ్మెయ్యాలనిపించింది. నమిలి మింగాను. బాగుందండీ అన్నాను.

బల్ల ఖాళీ అయిపోయింది. ఒకటే ఉంది.

ద్వాదశి, పాటు వేళ

నెల కిందటి ద్వాదశినాడు పొద్దున్నే, టీ కంటే ముందు, మైకు ముందు కూర్చోబెట్టాను.

విచారణ ప్రకటన ముఖ్యాధికారి గొంతుతోనే రికార్డు కావాలి. పోయినవాళ్ళ పేర్లన్నీ చదివి, చివర తేదీ చెప్పాలి. ఒకసారి ఊళ్ళో వినిపించాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

"ఏడో తెప్పదా?" అన్నాడు. మొహం పాలిపోయింది. "అది పెద్ద పనమ్మా. అది... దానికి కాస్త..."

"పెద్ద పని కాదు సార్. ఒక్క పేరు. ఇవాళ్టికి ఒక్క పేరు చదివి లేచిపొండి."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

చదివాడు. "సైకం మరియమ్మ." చదివి చేతులు తుడుచుకున్నాడు. మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు తానే రెండు చదివాడు. రోజురోజుకీ ఆయన వీపు వంగుతోంది. సాయంత్రాలు వీణ వాయించాడో లేదో నేను అడగలేదు.

మా చెల్లెలి పేరు చివర పెట్టాను. అది వరస కాదు. నేను పెట్టిన చోటు.

చతుర్దశి, పోటు వేళ

పొద్దున ఒడ్డు నుంచి ఉత్తర్వు వచ్చింది. నీలరేవు పనులు ఇంత చక్కగా జరుగుతున్నందుకు మార్కండేయులు గారికి పెద్ద పదవి ఇచ్చారు. ఇవాళ్టి నుంచి లెక్కేస్తే రెండో విదియనాటి పడవలో వెళ్ళిపోవాలి. ముఖ్యాధికారి మారిపోతే పాత విచారణ రద్దైపోతుంది. అది కూడా ఆ చట్టంలోనే ఉంది.

నా చేతులతో నేనే ఆయనకి నిచ్చెన వేశాను.

ఆఫీసంతా పూలదండలు. ఆయన మైకు గదిలోకి రాలేదు. అన్ని తెప్పలకీ వెళ్ళి సెలవు తీసుకుంటున్నాడు. ఒక్క పేరూ తేదీ మిగిలాయి.

దావీదన్న పరిగెత్తుకొచ్చాడు. ఇనుప గొలుసు ముక్క చేతికి చుట్టుకుని ఉన్నాడు.

"ఇంక నీ తెలివితేటలు చాలు. దారి తప్పుకో."

"ఒక్క పూట ఇవ్వన్నా. ఒక్క పూట. నా వల్ల కాకపోతే ఆ మెట్ల దగ్గర నేనే నిలబడి నీకు చూపిస్తాను."

ఆ మాట నిజంగానే అన్నాను. ఇక్కడ అబద్ధం రాసుకోను.

చతుర్దశి, పాటు వేళ

మైకు సంచిలో వేసుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. పెట్టెలు సర్దుతున్నారు. వీణకి దుప్పటి చుడుతున్నాడు.

"రా నాంచారమ్మా! నిన్ను కూడా ఒడ్డుకి తీసుకెళ్ళమని రాయబోతున్నాను. నువ్వు లేకపోతే నేను లేను."

"ఒక చిన్న పని మిగిలింది సార్."

మైకు చూశాడు. ఆయన చెయ్యి దుప్పటి మీదే ఆగింది. నేను చేరిన మొదటి రోజు నుంచీ చూస్తున్న ఆ చూపు, తలుపు కోసం వెతికే చూపు, మళ్ళీ వచ్చింది.

"అక్కడికెళ్ళాక చూస్తానమ్మా. అక్కడినుంచే..."

"పేరంతా వద్దు. ఇంటిపేరొక్కటే అనండి. మిగతాది తర్వాత."

"ఇంటిపేరేనా?"

"ఇంటిపేరే."

నేను నేర్పిన అలవాటే ఆయన్ని పట్టుకుంది. చిన్న ముక్క అనగానే నోరు దానంతటదే తెరుచుకుంది. కాగితంలోకి చూశాడు.

"కొక్కిలిగడ్డ..."

ఆగిపోయాడు. కాగితం చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. వంటగదిలోంచి ఆయన భార్య ఏదో అడిగింది. 

"నీకేమవుతుంది?" అన్నాడు చివరికి.

"చెల్లెలు."

"నువ్వు చేరిన రోజు నుంచీ..."

"చదవండి సార్. ఇంకొక్క ముక్కే."

ఆయన పెట్టె మీద కూర్చున్నాడు. లేచి నన్ను బయటికి పొమ్మని ఉంటే నేనేం చెయ్యగలిగేదాన్ని? ఏమీ లేదు. మెట్ల దగ్గర దావీదన్న ఉన్నాడు, అంతే. ఆయన పొమ్మనలేదు.

"తులసి" అన్నాడు. మైకు ఇంకా దగ్గరికి జరిపాను. మళ్ళీ అన్నాడు. "కొక్కిలిగడ్డ తులసి."

"తేదీ?"

"నా పడవ ఎప్పుడు?"

"రెండో విదియన, మధ్యాహ్నం."

"అయితే ఆ రోజు పొద్దున్నే వెయ్యి" అన్నాడు. "టీ కంటే ముందు."

ఆ మాటకి నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని చూసుకున్నాను కూడా. కలగలేదు. సాయంత్రానికే స్పీకర్లలో ఆరు తెప్పల మీదా ఆయన గొంతు పేర్లు చదివింది. చేపల రేవులో బేరాలు ఆగిపోయాయి.

రెండో విదియ, పోటు వేళ

పడవ రేవులో ఉంది. ఎక్కితే ఎవరూ ఆపలేరు, ఒడ్డు చేరాక ఆయన పెద్దాయన. దావీదన్న రేవులోనే కాపలా కాశాడు. నేను ఆఫీసులో కూర్చున్నాను. ఒళ్ళంతా చెవులే.

ఎప్పుడూ వచ్చే వేళకే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"ఇవాళ మొదటి పని ఏంటమ్మా?" అన్నాడు.

"విచారణండి."

"పద."

ఒడ్డు నుంచి వచ్చిన న్యాయమూర్తి జుబేదా బేగం గారు ఎక్కువ మాటలాడే మనిషి కాదు.

"శీల మార్చమని మిమ్మల్ని అడిగారా?"

"అడిగారు."

"ఆ కాగితం చదివారా?"

"చదివానండి."

"మరి ఎందుకు సంతకం చెయ్యలేదు? డబ్బు లేకా? నమ్మకం లేకా? ఎవరైనా వద్దన్నారా?"

 ఏదో ఒక సాకు చెబుతాడు, దాన్ని పీకి పారేద్దామని దావీదన్న ముందుకి వంగాడు.

"చిన్న పనండి" అన్నాడు మార్కండేయులు గారు. "మరీ చిన్న పని. ఎప్పుడైనా చెయ్యొచ్చనుకున్నాను. అందుకే చెయ్యలేదు."

ఆవిడ అదే మాట రాసుకుంది.  జనంలో ఎవరో పెద్దగా ఏడ్చారు. దావీదన్న నిలబడి, "అంతేనా? నా మరియమ్మకి అంతేనా?" అని అరిచాడు. ఆయన దావీదన్న వైపు తిరిగి, "అంతేనయ్యా" అన్నాడు.

దావీదన్న కూలబడిపోయాడు. పీకడానికి అతని చేతికి ఏమీ దొరకలేదు.

తీర్పు మధ్యాహ్నానికి ముందే వచ్చింది. పదవులు రెండూ పోయాయి, ఉన్నదీ, రాబోయేదీ. బతికినంతకాలం ఒడ్డు మీది జైల్లో ఉండాలి. సముద్రం కనబడని చోట. మధ్యాహ్నం పడవలోనే తీసుకెళ్తారన్నారు.

రెండో విదియ, పాటు వేళ

రేవుకి వెళ్ళాను. వెళ్ళకుండా ఎలా ఉంటాను? ఇన్నాళ్ళూ బతికింది ఇది చూడటానికే.

ఆయన చేతులకి సంకెళ్ళున్నాయి. భార్య పక్కన నిలబడి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకి నేను చేసిన అన్యాయం ఏమైనా ఉంటే, అది ఆవిడ నన్ను అడగాలి. అడగలేదు.

నన్ను చూసి ఆయన కాపలావాళ్ళని ఒక్క నిమిషం ఆగమన్నాడు.

"ఒక్కటి చెప్పు నాంచారమ్మా. విచారణకి ఈడ్చుకురావడమే నీ పనైతే మొదటివారమే ఆ మైకు ముందు పెట్టేదానివి. ఇంత నేర్పావెందుకు? నీటి యంత్రాలూ, బడీ, సాయంత్రాలూ. ఈ కొన్ని నెలలే నేను నిజంగా బతికింది. అదెందుకు చేశావు?"

కాపలావాళ్ళు వింటున్నారు. ఆయన భార్య వింటోంది. నేను ఆయన దగ్గరికి వెళ్ళాను.

"మొదటివారం మైకు ముందు పెడితే మీరు చదివేవారు కాదు. అదొకటి" అన్నాను. "రెండోది, అప్పుడు మిమ్మల్ని జైల్లో పెట్టినా మీకు పోయేదేముంది? ఇక్కడా గదిలో కూర్చుని రేపు అనుకునేవారు, అక్కడా గదిలో కూర్చుని రేపు అనుకునేవారు. మా తులసికి పందొమ్మిదేళ్ళు. పెళ్ళి కుదిరింది. పొద్దున లేస్తే దాని చేతినిండా పనులు, నోటినిండా పాటలు. పోగొట్టుకోడానికి దానికి చాలా ఉంది. మీకేమీ లేదు. అందుకని ముందు మీకు ఇచ్చాను."

ఆయన సంకెళ్ళ చేతులతో పక్కనున్న కొయ్యని పట్టుకున్నాడు.  నా మాట లోపలికి దిగడం నా కళ్ళతో చూశాను. దిగిందని తెలిశాకే పక్కకి తప్పుకున్నాను.

పడవ కదిలింది. ఆయన ఊరివైపు తిరిగి నిలబడ్డాడు. నేను నేర్పిన మనిషి, పొద్దున లేచి పని మొదలుపెట్టడం తెలిసిన మనిషి, ఏ పనీ లేని చోటికి వెళ్తున్నాడు. పడవ చిన్నదై, చుక్కై, నీళ్ళలో కలిసేదాకా చూశాను.

పగ తీరాక మనసు బోలుగా అయిపోతుందనీ, ఏడుపొస్తుందనీ, ఎందుకు చేశానా అనిపిస్తుందనీ పెద్దవాళ్ళు చెబుతుంటే విన్నాను. నాకలా అనిపించలేదు. నాకు ఆకలేసింది. తుఫాను వెళ్ళిన దగ్గర్నుంచీ అన్నం నాకు మందులాగే ఉండేది. ఇవాళ కడుపులో నిజమైన ఆకలి పుట్టింది.

దావీదన్న రేవు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని లేపాను. రేవు పక్కన పూర్ణమ్మ హోటల్లో వేడి అన్నం, చింతకాయ వేసిన చేపల పులుసు పెట్టించాను. మొదటి ముద్ద అతను నోట్లో పెట్టుకుని చాలాసేపు నమలకుండా కూర్చున్నాడు. నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. పూర్ణమ్మ, "ఇంకొంచెం పులుసు వెయ్యనా అమ్మా?" అంది.

వెయ్యమన్నాను.